బోటులో పడి చేయి విరిగింది, టికెట్ వెనక చూడమంటున్నారు

ప్రశ్న: మాది గుంటూరు. పోయిన నెల విజయవాడలో కృష్ణానదిలో ప్రైవేటు బోటు ఎక్కాం. జనాన్ని కుక్కి ఎక్కించారు, లైఫ్ జాకెట్లు ఓ మూల మూటగా పడున్నాయి. మలుపులో బోటు ఒరిగి మా ఆవిడ కిందపడి చేయి విరిగింది. అడిగితే 'ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అని టికెట్ వెనక చూపిస్తున్నారు. రూ.5 వేలు ఇస్తాం, సంతకం పెట్టమంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చండీ. ముందు ఆ సంతకం మాత్రం పెట్టకండి, 'ఇక ఏ క్లెయిమూ లేదు' అని రాయించుకోవడానికే ఆ ఐదు వేలు. టికెట్ వెనక అచ్చేసిన లైను చూసి చాలామంది జంకుతారు గానీ, పరిమితికి మించి ఎక్కించి జాకెట్లు మూలన పడేసిన నిర్లక్ష్యాన్ని ఆ ఒక్క లైను కడిగేయదు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయిన బోటుకు అసలు అనుమతే లేదు. మీరెక్కిన దానికి ఉందా? 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం ఇంజన్ బోటుకు రిజిస్ట్రేషన్, బోటును తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి, ఆ కాగితాలు చూపించమని లాయర్ నోటీసు ఇప్పించండి.

బస్సు ప్రమాదంలా మోటారు యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్తే కుదరదు, బోటు మోటారు వాహనం కిందకి రాదు. మీ దారి వినియోగదారుల కమిషన్. మీరుండేది గుంటూరు కాబట్టి అక్కడే వేసుకోవచ్చు, విజయవాడ తిరగక్కర్లేదు. కమిషన్ పరిధి చూసేది మీరు కట్టిన టికెట్ డబ్బుని బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు, టికెట్ డబ్బు చిన్న మొత్తమే కాబట్టి ఫీజు కూడా ఉండదు. గడువు రెండేళ్లు. అలాగని నాన్చకండి, సాక్షులు జారిపోతారు.

పోలీసు ఫిర్యాదు వేరే సంగతి. ఎముక విరిగితే చట్టం దృష్టిలో తీవ్రగాయమే, బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 125(బీ) సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఓవర్‌లోడు బోటులో డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించడం 284 కింద విడిగా నేరం. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టరు చేసే గాయాల నమోదు) రాయించారా? లేకపోతే ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం, బిల్లులు జాగ్రత్త చేయండి. టికెట్ ముక్క పారేయలేదు కదా! ఆ రోజు ఫోన్లో తీసిన సెల్ఫీలు ఒకసారి జూమ్ చేసి చూడండి, వెనకాల బోటు నడిపే సరంగు, బోటు పక్కన రాసిన నంబరు, ఆ జాకెట్ల మూట కూడా పడి ఉండొచ్చు.