కోడ్ సొంతంగా రాస్తే పేటెంట్ వర్తించదా?

ప్రశ్న: నేనొక కాలింగ్ యాప్ రాసి జీపీఎల్ వెర్షన్ 2 (ఎవరైనా కోడ్‌ను మార్చుకుని పంచుకోనిచ్చే లైసెన్సు) కింద అందరికీ ఉచితంగా ఇస్తున్నాను. పాత ఐపీ ఫోన్ల కోసం జి.729, మొబైల్ నెట్‌వర్క్‌ల కోసం ఈవీఎస్ కోడెక్ (మాటను కుదించి పంపి, అవతల మళ్లీ విప్పే పద్ధతి) పెట్టమని యూజర్లు అడుగుతున్నారు. స్టాండర్డు చదివి కోడ్ మొత్తం నేనే రాస్తే ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు కదా?

జవాబు: అలా అనుకుని దిగకండి. కాపీరైట్ మీరు రాసిన కోడ్‌కి, పేటెంట్ ఆ కోడ్ చేసే పనికి. ఎవరి కోడూ చూడకుండా రాసినా పని అదే అయితే పేటెంట్ తగులుతుంది.

జి.729నే తీసుకోండి. 10 మిల్లీసెకన్ల మాటకు పాత ఫోన్ కోడెక్ జి.711లో 80 బైట్లు పడితే ఇందులో 10 బైట్లే. అంత పొదుపు ఎలాగంటే, 5 మిల్లీసెకన్లకు వచ్చే 40 శాంపిళ్లలో (ధ్వని కొలతల్లో) నాలుగే నాలుగు పల్సులు ఎక్కడెక్కడ పెడితే అసలు గొంతుకు దగ్గరగా వస్తుందో వెతికి, ఆ స్థానాలనూ వాటి ప్లస్, మైనస్ గుర్తులనూ పంపిస్తారు. కెనడాలోని షెర్‌బ్రూక్ యూనివర్సిటీలో పుట్టిన ఈ పద్ధతి మీదే పేటెంట్లు ఉండేవి. అవతలి ఫోన్ ఆ స్థానాల కోసమే చూస్తుంది కాబట్టి, మీరు ఎంత కొత్తగా రాసినా దీన్ని తప్పించుకోలేరు.

అయితే జి.729 1996 నాటిది, దాని ముఖ్యమైన పేటెంట్ల గడువు 2017 నాటికే తీరిపోయింది, కాబట్టి టెన్షన్ లేకుండా పెట్టుకోండి. అంతకుముందు ఆస్టరిస్క్ అనే ఓపెన్ సోర్స్ ఫోన్ సర్వర్ వాడేవాళ్లు ఒక్కో ఛానెల్‌కు లైసెన్సు కొనేవారు, లేదా రెండు ఫోన్లకూ జి.729 వచ్చినప్పుడు సర్వర్ ప్యాకెట్లను విప్పకుండా అటూ ఇటూ పంపేసేది. వాయిస్‌మెయిల్, కాన్ఫరెన్స్ లాంటివాటికి మాత్రం విప్పక తప్పేది కాదు, అక్కడ లైసెన్సు కావాల్సి వచ్చేది.

ఈవీఎస్ సంగతి వేరు. అది 2014లో వచ్చింది, పేటెంటుకు దరఖాస్తు నుంచి 20 ఏళ్ల ఆయుష్షు. స్టాండర్డు సంస్థలు సముచితమైన ధరకే లైసెన్సు ఇవ్వాలంటాయి, నిజమే, కానీ ఎంత తక్కువైనా కాపీకి ఇంత అని లెక్కగడితే ఎవరు ఎన్ని కాపీలు చేసుకున్నారో తెలియని ఉచిత సాఫ్ట్‌వేర్ ఎలా కడుతుంది? నా దృష్టిలో ఇది ఓపెన్ సోర్స్‌ను గుమ్మం బయటే నిలబెట్టడం. పైగా మీ జీపీఎల్ 2లోని ఏడో సెక్షన్ ప్రకారం, పేటెంట్ షరతు వల్ల మీ నుంచి తీసుకున్నవాళ్లు ఫీజు లేకుండా పంచుకోలేకపోతే మీరు అసలు పంచనే కూడదు. మీ ఒక్కరికీ లైసెన్సు కొనుక్కున్నా చిక్కు తీరదు. ఈవీఎస్ వదిలేయండి.

దాని బదులు ఓపస్ కోడెక్ పెట్టండి. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6716 అనే ఇంటర్నెట్ స్టాండర్డుగా వచ్చింది, కోడ్‌ది పెద్దగా షరతుల్లేని బీఎస్‌డీ లైసెన్సు, దాన్ని తయారుచేసిన జిఫ్, మైక్రోసాఫ్ట్, బ్రాడ్‌కామ్ తమ పేటెంట్లను రాయల్టీ లేకుండా ఇచ్చాయి. ఓపస్ మీద పేటెంట్ దావా వేసినవాళ్లకు ఆ అనుమతి పోతుందన్న షరతు కూడా ఉంది, నాకు బాగా నచ్చింది అదే. బ్రౌజర్లలో కాల్స్ చేసే వెబ్‌ఆర్‌టీసీలో ఓపస్, జి.711 రెండూ తప్పనిసరి కాబట్టి బ్రౌజర్లతో ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: హామ్ రేడియోలో డిజిటల్ వాయిస్‌కు కూడా ఓపసేనా?

జవాబు: అంత సన్నటి ఛానెల్‌లో ఓపస్ పట్టదు. డేవిడ్ రో మొదలుపెట్టిన కోడెక్ 2 చూడండి, సెకనుకు 700 నుంచి 3200 బిట్లలోనే మాట పంపుతుంది. హామ్‌లు వాడే డీ-స్టార్ అనే డిజిటల్ వాయిస్ పద్ధతిలోని ఏంబీ కోడెక్ ఒకే కంపెనీ చేతిలో ఉండటంతో, అది నచ్చకే ఆయన ఇలా విడిగా రాశారు. ఎల్‌జీపీఎల్ లైసెన్సు, కోడ్ తెరిచి ఎలా పనిచేస్తుందో చూడొచ్చు, మార్చుకోవచ్చు.