కట్టెల పేర్పు కింద మిన్నల్లులు: తప్పు కట్టెలది కాదు

పెరట్లో వంటచెరకు పేర్చిన చోటికి వెళ్ళగానే మిన్నల్లులు (కుక్కల, పిల్లుల నెత్తురు తాగుతూ ఎగిరే చిన్న పురుగులు, ఇంగ్లీషులో ఫ్లీలు) కాళ్ళకు ఎగబాకుతున్నాయనీ, కట్టెలన్నీ పారవేయాలా లేక వాటిమీద మందు కొట్టాలా అనీ మీరు అడిగారు. రెండూ వద్దు. రెండో పని నేను చేసి అర బండి కట్టెలు పోగొట్టుకున్నాను కనుక కాస్త గట్టిగానే చెబుతున్నాను.

మాది కోనసీమలో కొబ్బరి తోట మధ్య ఉన్న ఇల్లు. గ్యాసు పొయ్యి ఉన్నా, స్నానాల నీళ్ళ కాగుకూ పండగల పిండివంటలకూ మా అమ్మగారికి కట్టెల పొయ్యే కావాలి. అందుకని పెరటి మూల తాటాకు పాకలో సరుగుడు పేళ్ళనూ ఎండు కొబ్బరి మట్టలనూ నిలువెత్తున పేర్చి ఉంచుతాం. ఒక ఏడాది ఆషాఢమంతా మేము హైదరాబాదులో మా అక్కగారింట్లో ఉండిపోయాం. మేము లేని ఆ రోజుల్లో ఒక వీధికుక్క ఆ పేర్పు కింది సందులో ఈనింది. పిల్లలు నడక నేర్చాక వాటిని వెంటబెట్టుకుని ఎటో వెళ్ళిపోయిందని పక్కింటివారు తరువాత చెప్పారు.

తిరిగి వచ్చిన మొదటి శ్రావణ శుక్రవారం, పూజ ముగించి, కట్టుకున్న తెల్ల పంచెతోనే కట్టెల కోసం పాకలోకి వెళ్ళాను. నాలుగు పేళ్ళు లాగానో లేదో, పంచె అంచు మీద నువ్వులు చల్లినట్టు నల్లని చుక్కలు కనిపించాయి. దులుపుదామని వంగేసరికి ఆ నువ్వులు జానెడు ఎత్తున ఎగిరి, చూస్తుండగానే మోకాళ్ళ దాకా చేరాయి. ఒకదానిని పట్టుకుని వేళ్ళ మధ్య ఎంత నలిపినా చావలేదు. రెండు పక్కలా అణిగిపోయి ఉన్న ఆ గట్టి ఒళ్ళు వేళ్ళ సందు నుంచి జారిపోయింది. ఇంకొకదానిని గోటి మీద పెట్టి మరో గోటితో నొక్కితే టక్కుమని చితికింది. మా ఊళ్ళో చాలామంది దీనినీ గోమారునూ ఒకటే అనుకుంటారు కానీ, గోమారు ఎగరదు, పట్టిన చోట ఉబ్బి వేలాడుతుంది. ఈ తేడా తెలియకపోతే మందు దగ్గర కూడా పొరపాటు పడతారు.

అదే రోజు సాయంత్రం పురుగుమందుల దుకాణానికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆ దుకాణదారు ఒక్క ప్రశ్నయినా అడగకుండా వరి పైరును పట్టే దోమకు కొట్టే మందు చేతిలో పెట్టాడు. ఇళ్ళ దగ్గర వాడదగినదేనా, పొయ్యిలో పెట్టే కట్టెల మీద పడవచ్చునా అన్న ఆలోచన అతనికీ రాలేదు, సిగ్గుచేటు కానీ నాకూ రాలేదు. పేర్పు పైనుంచి కింది దాకా తడిసేలా కొట్టాను. మూడో రోజు మళ్ళీ అవే నువ్వులు. పురుగుమందు పీల్చుకున్న కట్టెను కాలిస్తే ఆ పొగ ఇంటిల్లిపాదీ పీల్చాలి కనుక, తడిసిన పేళ్ళను ఇక పొయ్యి దగ్గరికి తేవడానికి వీల్లేకపోయింది.

అసలు విషయం మా ఊరి పశువైద్యశాలలోని డాక్టరుగారు చెప్పారు. మిన్నల్లి కట్టెలో పుట్టదు, కట్టెను తినదు. అది జంతువు ఒంటి మీద ఉండి రోజుకు పదుల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. నున్నని ఆ గుడ్లు బొచ్చులోంచి జారి, జంతువు పడుకున్న చోట నేల మీద పడతాయి. వాటిలోంచి వచ్చే పిల్లపురుగు వెలుతురుకు దూరంగా, చెమ్మగా ఉన్న దుమ్ములో దూరి, పెద్ద మిన్నల్లులు విసర్జించిన ఎండు నెత్తురు తిని పెరిగి, మట్టి అంటుకున్న పట్టుగూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోకి మందు సరిగా దిగదు. లోపల తయారైన మిన్నల్లి, అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి గాలి తగిలేదాకా వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి కదలకుండా కాచుకుని ఉంటుంది. కుక్క వెళ్ళిపోయిన తరువాత అక్కడికి వెళ్ళిన మొదటి ప్రాణిని నేనే.

ఇక మేము చేసినది చెబుతాను. దేవుడి దయ వల్ల నాలుగు రోజులు వరపు ఇచ్చింది. పేర్పు మొత్తం విప్పి, మందు తగలని కట్టెలను దులిపి ఎండలో పరిచాం. పాక మీది తాటాకు సగం దింపించి నేలకు ఎండ తగలనిచ్చాం. పేర్పు కింద పోగుపడిన ఆకు, పీచు, పొట్టుతో పాటు పైమట్టిని రెండు అంగుళాల లోతున గీకి గోతిలో పూడ్చాం. పిల్లపురుగు ఎండిన, వెలుతురు పడే నేల మీద బతకలేదు కనుక సగానికి పైగా పని ఇక్కడే తీరిందని నా గట్టి నమ్మకం. ఆ తరువాత డాక్టరుగారు రాసిచ్చిన మందును, చీటీ మీద ఉన్న మోతాదులోనే, ఒట్టి నేల మీద మాత్రమే కొట్టాం. గూళ్ళలో మిగిలినవి బయటికి వస్తాయి కనుక రెండు వారాల తరువాత మళ్ళీ కొట్టాం. చేపల చెరువు వైపు మాత్రం ఒక్క చుక్క పడనివ్వలేదు, ఎందుకంటే ఈ రకం మందుల్లో చాలా వాటికి చేపలు నిలవవు. మీ ఇంట్లో పిల్లి ఉంటే, కుక్కకు వాడే మందును దానికి పొరపాటున కూడా రాయకండి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు కలిసి ఉన్నదయితే పిల్లి ప్రాణానికే ముప్పు.

కుక్కలను తరిమేయమని సలహా ఇచ్చిన బంధువులు ఎందరో ఉన్నారు. తరిమిన కుక్క వాళ్ళ పెరట్లో పడుకుంటుందన్న ఆలోచన ఒక్కరికీ లేదు. మేము మా కుక్కతో పాటు, తిరిగి వచ్చిన ఆ తల్లికుక్కకు కూడా డాక్టరుగారి చేత మందు వేయించాం. కట్టెల మీద కిరసనాయిలు చల్లమన్న పెద్దమనిషికి మాత్రం నమస్కారం పెట్టి ఊరుకున్నాను. వేపాకు పొగ కూడా వేసి చూశాం, పొగకు మేము దగ్గాము, అవి ఎగిరాయి.

ఇప్పుడు కట్టెలు సిమెంటు దిమ్మెల మీద, నేలకు మూరెడు ఎత్తున ఉన్నాయి. కింది సందులోకి కుక్క, పిల్లి దూరకుండా కోళ్ళ జాలీ కట్టించాను, చీపురు పెట్టి ఊడ్చేందుకు ఒక పక్క విప్పుకునే వీలు ఉంచాను. మొదట్లో ప్రతి ఆదివారం ఆ తెల్ల పంచెతోనే వెళ్ళి ఐదు నిమిషాలు అక్కడ నిలబడి వచ్చేవాణ్ణి. మూడో ఆదివారం నాలుగు చుక్కలు కనిపించాయి, ఆరో ఆదివారానికి ఒక్కటీ లేదు. మా అమ్మగారు మాత్రం ఆ పంచెను ఇప్పటికీ పూజగదిలోకి రానివ్వడం లేదు.