ప్రాంతీయ భౌగోళికం, యాత్రా ప్రణాళిక ప్రాజెక్టు: టీంలో పని ఎలా పంచుకోవాలి?

నలుగురు కలిసి ఒక ప్రాంతం భౌగోళిక పరిస్థితులు చదివి, దానికి పది రోజుల యాత్రా ప్రణాళిక వేయాలి. ఒకరికి వాతావరణం, ఒకరికి రవాణా, ఒకరికి చూడాల్సినవి, ఒకరికి ఖర్చు అని పంచుకోవచ్చా అని అడిగారు. అలా మాత్రం వద్దు. నాలుగు విడి వ్యాసాలు తయారవుతాయి, చివరి రాత్రి వాటిని అతికించే పని ఒకరి మెడకు చుట్టుకుంటుంది. (పీపీటీ బాగా చేస్తాడని పేరున్నవాడే ఎప్పుడూ బలి.)

డిగ్రీలో మా టీం పెరూ తీసుకుంది. శీర్షికల ప్రకారం కాక నేల ప్రకారం పంచుకున్నాం: పసిఫిక్ తీరం, ఆండీస్, అమెజాన్ అడవి. ఎవరి భాగంలో వాతావరణం, దారులు, బస అన్నీ వాళ్లవే. నాలుగో మనిషికి ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లే దారులు అప్పజెప్పాం. వినడానికి చిన్న పనే, కానీ ప్లాన్ కూలితే అక్కడే కూలుతుంది. తీరాన ఉన్న రాజధాని లిమా నుంచి ఆండీస్ కొండల్లోని కుస్కో నగరానికి మ్యాపులో గీత గీస్తే 600 కిలోమీటర్లు కూడా ఉండదు. బస్సులో 20 గంటలు దాటుతుంది, విమానంలో గంటన్నర లోపే. అందుకే కిలోమీటర్లు పక్కనపెట్టి గంటలు రాసుకోండి.

ఏ నెలలో వెళ్లాలన్న దానిమీద మాలో పెద్ద వాదనే జరిగింది. కొండల మీద మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం. సరిగ్గా జూన్ నుంచి సెప్టెంబరు దాకా లిమా బూడిదరంగు మబ్బు కింద ఉంటుంది. తీరం వెంట సాగే హంబోల్ట్ అనే చల్లని సముద్ర ప్రవాహం వల్ల పొగమంచు కమ్ముతుంది, చెప్పుకోదగ్గ వాన మాత్రం పడదు. పోనీ లిమాలో ఎండ కోసం జనవరిలో (దక్షిణార్ధగోళంలో అప్పుడే వేసవి) వెళ్దామంటే కొండల్లో వానలు. 2010 జనవరిలో వరదలకు రైలుదారి తెగి, ఇన్కాల పాత కొండనగరం మాచుపిచ్చు దగ్గర చిక్కుకున్న పర్యాటకుల్ని హెలికాప్టర్లలో తరలించారు. మాచుపిచ్చుకి నడిచి వెళ్లే ఇన్కా కాలిబాటను ఫిబ్రవరిలో ఏటా మూసేస్తారు. కొండలే గెలిచాయి, జూన్ ఖాయం చేశాం. వాతావరణమంతా ఒక్కరి చేతిలో ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు, సగటు ఉష్ణోగ్రతల పట్టిక ఒకటి పెట్టి ఊరుకునేవాళ్లం.

మాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఒక చార్టు. పడమట సముద్రం నుంచి తూర్పున అడవి దాకా నేలను నిలువుగా కోస్తే ఎలా కనిపిస్తుందో పెన్సిల్‌తో గీసి, రాత్రి పడుకునే ఊళ్లన్నిటికీ ఎర్ర స్కెచ్ పెన్‌తో చుక్కలు పెట్టాం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని పర్వత వైద్యుల సలహా. కుస్కో 3,400 మీటర్లు. లిమాలో విమానమెక్కి ఆ రాత్రే అక్కడ పడుకుంటే, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడక తలనొప్పి, వాంతులు పట్టుకోవచ్చు. అందుకని ప్లాన్‌లో యాత్రికుల్ని దిగగానే కిందికి, 2,800 మీటర్ల దగ్గరున్న ఒల్లంటాయ్‌టాంబో ఊరికి పంపాం. మాచుపిచ్చు రైలు ఎక్కేదీ అక్కడే. మాచుపిచ్చు 2,430 మీటర్లే, చాలామంది అనుకున్నట్టు కుస్కో కన్నా ఎత్తు కాదు. అది చూశాక కుస్కో, ఆ తర్వాతే 3,812 మీటర్ల టిటికాకా సరస్సు. ఏ ఊరి తర్వాత ఏ ఊరో చుక్కలే చెప్పాయి. మా సార్ చార్టు ముందు నిలబడి అడిగిన ప్రశ్నలన్నీ వాటి మీదే.

సమాచారం సంగతి రెండు ముక్కల్లో: రైలు వేళలు, మూసివేతలు అధికారిక సైట్లలోనే చూడండి, పక్కన చూసిన తేదీ రాయండి. ట్రావెల్ వ్లాగులు ఊహకు పనికొస్తాయి, లెక్కకు కాదు.

వదిలేసిన ఊళ్లకూ ఒక పేజీ ఇవ్వండి, కారణంతో సహా. అడవి భాగం చూసిన అమ్మాయికి అడవి మధ్యనున్న ఇకిటోస్ పెట్టాలని మహా పట్టుదల. దేశంలో మిగతా చోట్ల నుంచి ఆ నగరానికి రోడ్డే లేదు. పడవలో వెళ్లాలి, లేదా విమానంలో. టిటికాకా నుంచి మళ్లీ లిమా, అక్కడి నుంచి ఇకిటోస్ అంటే ప్రయాణాలకే రోజులు పోతాయి. బదులుగా, కుస్కో నుంచి విమానంలో గంట లోపు చేరే ప్యూర్టో మాల్డొనాడో పెట్టాం. అదీ అమెజాన్ అడవే.