యజమాని పోయాడంటే బానిస కుటుంబాలకు వణుకే

మీరు అడిగినవి రెండు. అమెరికాలో ఆ రోజుల్లో బానిసల యజమాని చనిపోతే, ఆ మనుషులు వారసులకు ఎలా చేరేవాళ్లు? జార్జ్ వాషింగ్టన్ వీలునామా రాసి బానిసలను విడిపించాడంటారు కదా, మరి ఆయన ఎస్టేట్ మౌంట్ వెర్నాన్‌లో సగం మంది బానిసలుగానే ఎందుకు మిగిలిపోయారు?

రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిది దానంతటదే అర్థమవుతుంది. అలా మిగిలిపోయినవాళ్లు చట్టం దృష్టిలో వాషింగ్టన్ ఆస్తి కాదు. ఆయన భార్య మార్తాకు కూడా వాళ్ల మీద పూర్తి హక్కు లేదు. వాళ్లు మార్తా మొదటి భర్త వారసులకు చెందాల్సిన ఆస్తి.

నేను ఉండేది ఉత్తర వర్జీనియాలో. ఇండియా నుంచి ఎవరొచ్చినా మౌంట్ వెర్నాన్ చూపించడం మా ఇంట్లో అలవాటు. ఒకసారి మా మామయ్య వచ్చారు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. గైడ్ చెప్పిందంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "వీళ్లంతా ఎవరి పేరున ఉన్నారు?" ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ తర్వాతే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ కోర్టు పాత రికార్డుల్లోని వీలునామాలు, ఆస్తి జాబితాల కాపీలు చదవడం మొదలుపెట్టాను. వాషింగ్టన్ వీలునామా అసలు ప్రతి ఆ కోర్టు దగ్గరే భద్రంగా ఉంది.

ముందు చట్టం సంగతి. 1662లో వర్జీనియా ఒక చట్టం చేసింది: తల్లి బానిస అయితే బిడ్డ బానిసే, తండ్రి ఎవరైనా సరే. 1705లో ఇంకో చట్టం వచ్చింది: వారసత్వం విషయంలో బానిసలను భూమిలాగా, అంటే స్థిరాస్తిగా చూడాలని. 1792లో దాన్ని మార్చి చరాస్తి కింద లెక్కగట్టారు. పేరు ఏదైనా, పంపకానికి వచ్చే ఆస్తే. పైగా మొదటి చట్టం వల్ల ఆ ఆస్తి తరతరానికీ పెరిగేది. చాలా వీలునామాల్లో ఒక స్త్రీని కూతురికి రాస్తూ, ఆమెకు ఇకముందు పుట్టబోయే పిల్లలను కూడా కలిపే రాశారు. ఇంకా పుట్టని బిడ్డకు అప్పుడే యజమాని ఖాయమైపోయాడు.

యజమాని పోగానే కోర్టు కొందరు పెద్దమనుషులను పంపి ఆస్తికి విలువ కట్టించేది. నేను చదివిన వాటిలో ఒక మామూలు రైతు జాబితా ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పరుపులు, రాగి బిందె, నాగళ్లు, ఆవులు, వాటి కింద అదే చేతిరాతలో మనుషుల పేర్లు. ఇంటిపేరు లేదు, వట్టి పేరు, దాని ఎదురుగా పౌండ్లలో ధర. ఒక తల్లిని, చంకలో బిడ్డను కలిపి ఒకే వరసలో ఒకే ధర వేశారు. చివర ఒక ముసలామె పేరు. ధర ఉండాల్సిన చోట సున్నా. ఆ సున్నా దగ్గర చాలాసేపు ఆగిపోయాను. జీవితమంతా ఆ ఇంటికే చాకిరీ చేసిన మనిషి ఆమె.

ఆ తర్వాత వాటాలు వేసేవాళ్లు. మనుషులను గుంపులుగా విడగొట్టి, వారసులకు ఒక్కో గుంపు ఇచ్చి, ఒకరి వాటా విలువ ఎక్కువైతే తేడా డబ్బు మిగతావాళ్లకు ఇప్పించేవాళ్లు. వాటాలు సమానంగా రావాలన్నదే చూసుకునేవాళ్లు. భార్యాభర్తలు, తల్లీపిల్లలు ఒకే గుంపులో ఉండాలని ఏ చట్టమూ చెప్పలేదు. వారసులు మైనర్లయితే సంరక్షకుడు ఆ బానిసలను ఏడాదికింతని బయట అద్దెకిచ్చి పిల్లల ఖర్చులు వెళ్లదీసేవాడు. కూతుళ్ల పెళ్లిళ్లలోనూ ఇదే. మన దగ్గర పసుపు కుంకుమ కింద ఎకరమో రెండెకరాలో రాసిచ్చినట్టు, అక్కడ ఒక పిల్లను రాసిచ్చేవాళ్లు.

ఇప్పుడు వాషింగ్టన్ సంగతికి వస్తాను. 1743లో తండ్రి పోయినప్పుడు ఆయనకు 11 ఏళ్లు. వారసత్వంగా 10 మంది బానిసలు వచ్చారు. 1759లో మార్తాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ వర్జీనియాలోని పెద్ద ధనవంతుల్లో ఒకడు. 1757లో వీలునామా రాయకుండానే చనిపోయాడు. చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, అదీ బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రమే. అమ్మకూడదు, విడుదల చేయకూడదు. దీన్నే డవర్ వాటా అనేవాళ్లు. ఆ వాటా కింద 84 మంది వచ్చారు.

1799 నాటికి మౌంట్ వెర్నాన్‌లో 317 మంది బానిసలు ఉన్నారు. అందులో వాషింగ్టన్ సొంతం 123 మంది. డవర్ వాటా వాళ్లు 153 మంది అయ్యారు, ఎందుకంటే ఆ తల్లులకు పుట్టిన పిల్లలంతా అదే ఖాతాలో చేరారు. మిగిలినవాళ్లలో దాదాపు అందరూ పొరుగింటి నుంచి అద్దెకు తెచ్చుకున్నవాళ్లు. 40 ఏళ్లుగా ఈ మనుషులు కలిసి పనిచేశారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. భర్త వాషింగ్టన్ మనిషి, భార్య కస్టిస్ మనిషి, పిల్లలు తల్లితోపాటు కస్టిస్ ఖాతాలో. ఈ చిక్కు వాషింగ్టన్‌కు బాగా తెలుసు. వీలునామాలో ఆయనే రాశాడు, ఈ పెళ్లిళ్ల వల్ల విడుదల చాలా బాధాకరంగా మారుతుందని. అందుకే తన 123 మందికి మార్తా పోయాక స్వేచ్ఛ అని రాశాడు. వెంటనే విడుదలైంది ఆయన సొంత పనివాడు విలియం లీ ఒక్కడే. డవర్ మనుషులను విడిపిస్తే కస్టిస్ వారసులకు వాళ్ల ఖరీదు చెల్లించుకోవాల్సి వచ్చేది.

తన చావు కోసం ఇంతమంది ఎదురుచూస్తారన్న ఆలోచనతో మార్తాకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. 1801 జనవరి 1న వాళ్లలో మిగతా అందరినీ ముందే వదిలేసింది. 1802లో ఆమె పోయింది. డవర్ మనుషులను నలుగురు మనవలు, మనవరాళ్లకు పంచేశారు. నిన్నటిదాకా ఒకే పొలంలో ఉన్నవాళ్లు నాలుగు ఇళ్లకు చెదిరిపోయారు. వాషింగ్టన్ సొంత మనిషైన వంటవాడు హెర్క్యులీస్ 1797లోనే పారిపోయాడు, తర్వాత చట్టప్రకారం కూడా స్వేచ్ఛ వచ్చింది. కానీ ఆయన పిల్లలు రిచ్‌మండ్, ఈవీ, డీలియా తల్లిని బట్టి డవర్ ఆస్తే.

ఓనా జడ్జ్ కథ అందరూ తెలుసుకోవాలి. మార్తా దగ్గర బట్టలు, అలంకరణ చూసుకునే అమ్మాయి. తనను మార్తా మనవరాలు ఎలైజాకు ఇచ్చేయబోతున్నారని తెలిసి, 1796 మే నెలలో ఫిలడెల్ఫియాలోని అధ్యక్షుడి ఇంటి నుంచి పారిపోయింది. న్యూ హాంప్‌షైర్ చేరింది, పెళ్లి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కన్నది. స్వేచ్ఛగా ఉన్న చోట పుట్టినా చట్టం లెక్కలో ఆ పిల్లలు కస్టిస్ వారసుల ఆస్తే. 1848లో చనిపోయేదాకా కాగితం మీద ఆమెకు విడుదల రాలేదు.

వీలునామా మంచిదైనా అప్పులుంటే అదీ దక్కదు. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ లక్ష డాలర్లకు పైగా అప్పుతో 1826లో పోయాడు. వీలునామాలో అయిదుగురిని విడిపించాడు. అందులో కమ్మరి జో ఫాసెట్ ఒకడు. ఆయనకు స్వేచ్ఛ వచ్చే గడువుకు ముందే, 1827 జనవరిలో 130 మందిని వేలానికి పెట్టారు. జో భార్య ఈడిత్, పిల్లలు కూడా ఆ వేలంలో పోయారు. కొడుకు పీటర్‌కు అప్పటికి 11 ఏళ్లు. తర్వాత జో తన సంపాదనతో భార్యను, కొందరు పిల్లల్ని తిరిగి కొనుక్కున్నాడు.

అంతా చట్టం మీదకు నెట్టేయడం కూడా నాకు ఇష్టం లేదు. అదే వర్జీనియాలో రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి తాను బతికుండగానే, 1791లో దస్తావేజు రాసి, దాదాపు 500 మందికి దశలవారీగా విడుదల ఇచ్చాడు. ఇంట్లోవాళ్లు వద్దన్నా ఆగలేదు. కావాలనుకున్నవాడికి దారి ఉంది.

మార్తా మనవడు జార్జ్ వాషింగ్టన్ పార్క్ కస్టిస్ తన వాటా మనుషులతో ఆర్లింగ్టన్‌లో స్థిరపడ్డాడు. 1857లో పోతూ అయిదేళ్లలోగా అందరినీ విడిచిపెట్టాలని, నలుగురు మనవరాళ్లకు తలా 10,000 డాలర్లు ఇవ్వాలని రాశాడు. వీలునామా అమలు చేయాల్సింది అల్లుడు రాబర్ట్ ఈ. లీ, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని అయిన మనిషే. ఆ డబ్బు కోసం లీ వాళ్లతో ఇంకా పనిచేయించాడు. పెద్దాయన పోగానే స్వేచ్ఛ వస్తుందని నమ్మిన వెస్లీ నోరిస్ 1859లో పారిపోయి దొరికిపోయాడు. లీ తనను కొరడాతో కొట్టించాడని 1866లో ఆయన స్వయంగా చెప్పాడు. లీ విడుదల పత్రం రాసిచ్చింది 1862 డిసెంబర్ 29న. డేనియల్ కస్టిస్ వీలునామా రాయకుండా పోయి అప్పటికి 105 ఏళ్లు.

ఈ ఆర్లింగ్టన్ కస్టిస్‌కు ఏరియానా కార్టర్ అనే బానిస స్త్రీ వల్ల మరియా అనే కూతురు కూడా ఉంది. ఆమెను విడిపించి ఆర్లింగ్టన్‌లో 17 ఎకరాలు ఇచ్చాడు, కానీ పత్రం రాయలేదు. అంతర్యుద్ధంలో ప్రభుత్వం ఎస్టేట్ మొత్తం స్వాధీనం చేసుకున్నప్పుడు ఆ నేలా పోయింది. 1866లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి దాన్ని మరియాకు (పెళ్లయ్యాక మరియా సైఫాక్స్) తిరిగి ఇచ్చింది.

ఈ వైపు ఎప్పుడైనా వస్తే మౌంట్ వెర్నాన్‌తో ఆపేయకండి. ఆర్లింగ్టన్ శ్మశానం కొండ మీదున్న కస్టిస్ ఇంటికి కూడా వెళ్లండి. దాని వెనక బానిసలు ఉన్న గదులు ఇప్పటికీ ఉన్నాయి, లోపలికి వెళ్లి చూడనిస్తారు.