చిన్న వెబ్‌సైటుకు డాకర్ అవసరమా?

ఒకే సర్వర్ మీద చిన్న వెబ్‌సైటు నడపడానికి డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే సాధనం) కావాలా, ఇంజిన్‌ఎక్స్‌ను (పేజీలను బ్రౌజర్లకు అందించే ప్రోగ్రామును) నేరుగా పెట్టుకుంటే చాలదా అని అడిగారు. ఎలా పెట్టుకున్నా అది ఒక సాయంత్రం పని. తర్వాత ఏళ్ల తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉండేదెవరో ముందు తేల్చుకోండి.

గుంటూరులో మా బావగారికి పచ్చళ్ల దుకాణం ఉంది. దాని వెబ్‌సైటు నేనే పెట్టాను: ఒక కంటైనర్‌లో ఇంజిన్‌ఎక్స్, ఇంకోదాంట్లో సర్ట్‌బాట్ (సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు చెప్పే సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి తెచ్చే ప్రోగ్రాము), మూడోదాంట్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. మే 11 ఉదయం, ఆవకాయ ఆర్డర్లు ముమ్మరంగా వచ్చే రోజుల్లో, బావగారు ఫోన్ చేశారు. అమెరికాలో ఉన్న కొడుక్కి పచ్చళ్లు పంపబోయిన ఒకావిడ బ్రౌజర్‌లో ఎర్రటి హెచ్చరిక చూసి, "మీ దుకాణంలో దొంగలు పడ్డారట కదండీ" అని పరామర్శించిందట.

చూస్తే సర్టిఫికెట్ గడువు ముగిసింది. సర్వర్‌లోకి వెళ్లి ఫైలు చూశాను. ఏప్రిల్ 11నే కొత్తది వచ్చి కూర్చుంది! ఫైలు కొత్తదే, బ్రౌజర్‌కు అందేది మాత్రం పాతది. అరగంట పాటు డీఎన్ఎస్‌ను (సైటు పేరును బట్టి సర్వర్ చిరునామా చెప్పే వ్యవస్థను), ఫోన్ కంపెనీని, బావగారి ఫోన్‌ను కూడా అనుమానించాను. చివరికి కంటైనర్ల జాబితాలో ఇంజిన్‌ఎక్స్ పక్కన "8 వారాలుగా నడుస్తోంది" అని చూసేసరికి విషయం అర్థమైంది.

ఇంజిన్‌ఎక్స్ మొదలయ్యేటప్పుడే సర్టిఫికెట్‌ను చదివి జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. రీలోడ్ చేయమని మనం చెప్పేదాకా మళ్లీ ఆ ఫైలు ముఖం చూడదు. నేరుగా సర్వర్ మీద పెట్టి ఉంటే సర్ట్‌బాట్ ప్లగిన్ తనే రీలోడ్ చేసి ఉండేది. వేరువేరు కంటైనర్లలో పెట్టి మధ్యలో గోడ కట్టింది నేనే. అంతకుముందు రెన్యువల్ అయినప్పుడల్లా ఏదో ఒక పనికి నేను ఇంజిన్‌ఎక్స్‌ను రీస్టార్ట్ చేస్తూ వచ్చాను కాబట్టి బండి నడిచింది. ఈసారి ఎనిమిది వారాలు ఒక్కసారీ ఆగకుండా నడిచింది, అదే కొంప ముంచింది. రీలోడ్ ఆదేశం ఇస్తే రెండు సెకన్లలో అంతా సర్దుకుంది. బావగారికి మాత్రం "సాంకేతిక సమస్య" అని చెప్పాను.

యూట్యూబ్‌లో పాఠాలు చెప్పేవాళ్లంటే నాకు అందుకే ఒళ్లు మంట. పది నిమిషాల్లో కంటైనర్ లేపి "హలో" అని చూపించి వెళ్లిపోతారు. డాకర్ తెరిచిన పోర్టు (సర్వర్‌లోకి వచ్చే దారి) యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ నిబంధనల పక్కనుంచి జారుకుని బయటి ప్రపంచానికి కనిపిస్తుందని వాళ్లలో ఒక్కరూ చెప్పగా నేను వినలేదు. ఫైర్‌వాల్ ఉంది కదా అని పోస్ట్‌గ్రెస్ 5432 పోర్టును బార్లా తెరిచి పెట్టుకున్నవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. పోర్టు ముందు 127.0.0.1 (అంటే ఈ సర్వర్‌కు మాత్రమే) అని రాస్తే పోయేదానికి! కంటైనర్ల పనుల చిట్టా రాసే లాగ్ ఫైళ్ల సంగతీ అంతే. మామూలుగా వదిలేస్తే వాటికి పరిమితి ఉండదు, డిస్కు నిండేదాకా పెరుగుతూనే ఉంటాయి.

గడువు దగ్గర పడితే ఈమెయిల్ వస్తుందిలే అనుకోకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో ఆ ఈమెయిళ్లు ఆపేసింది. వచ్చినా నాకు ఉపయోగపడేది కాదు, వాళ్ల లెక్కలో నా సర్టిఫికెట్ రెన్యువల్ అయిపోయింది కదా. పైగా ఇప్పుడున్న 90 రోజుల గడువు కూడా నిలవదు. 2029 మార్చి నుంచి ఎవరి సర్టిఫికెట్ అయినా 47 రోజులకు మించకూడదని నిబంధన వచ్చేసింది.

దుకాణం ఇప్పటికీ డాకర్‌లోనే ఉంది. రోజూ తెల్లవారుజామున ఇంజిన్‌ఎక్స్ రీలోడ్ అవుతుంది. మా ఇంట్లోని పాత ల్యాప్‌టాప్ బయటి నుంచి, కొనేవాళ్లలాగే సైటు తెరిచి, సర్టిఫికెట్‌కు ఇంకా ఎన్ని రోజులుందో చూస్తుంది. 20 కన్నా తగ్గితే సందేశం పంపుతుంది. అది నాతో పాటు బావగారి ఫోన్‌కూ వెళ్తుంది. ఆ షరతు ఆయన పెట్టిందే.