హె షౌ వూ: పేరొకటే, మందులు రెండు

ప్రశ్న: నాకు ముప్పై ఏళ్లు. జుట్టు అప్పుడే నెరుస్తోంది. చైనా మూలిక ‘హె షౌ వూ’ గుళికలు వేసుకుంటే మళ్లీ నల్లబడుతుందని చెప్పారు. సీసా మీద ‘500 మిల్లీగ్రాములు, 10:1 సారం’ అని ఉంది. రోజుకు రెండు వాడొచ్చా?

జవాబు: వద్దనే చెబుతాం. ముందు ఆ 10:1 సంగతి చూడండి. పది గ్రాముల ఎండు దుంప నుంచి ఒక గ్రాము సారం తీశారని దానర్థం. ఆ లెక్కన ఒక్కో గుళిక 5 గ్రాముల దుంపతో సమానం, రెండు వేసుకుంటే 10 గ్రాములు. ఆరోగ్య ఉత్పత్తుల్లో ఈ మూలిక మోతాదుకు చైనా నియంత్రణ సంస్థ 2014లో హద్దు పెట్టింది: రోజుకు పచ్చిదైతే 1.5 గ్రాములు, శుద్ధి చేసినదైతే 3 గ్రాములు. వైద్యుడు చూసి రాసే కషాయానికి మాత్రం చైనా ఔషధ సంహితలో (మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం) మోతాదులు వేరు. పచ్చిది 3 నుంచి 6 గ్రాములు, శుద్ధి చేసింది 6 నుంచి 12 గ్రాములు. మీ సీసాలో ఉన్నది ఈ రెంటిలో ఏదో రాశారా? చాలా సీసాల మీద రాయరు. అసలు చిక్కు అక్కడే ఉంది.

పచ్చిదంటే తడిదని కాదు, ఎండబెట్టి శుద్ధి చేయకుండా వదిలేసినది. దీన్ని ‘షెంగ్ షౌ వూ’ అంటారు. ఎమోడిన్ వంటి ఆంత్రాక్వినోన్లు (పేగుల్ని కదిలించే రసాయనాలు) ఉండటం వల్ల ఇది విరేచనకారి. చైనా వైద్యులు దీన్ని మలబద్ధకానికి, చర్మం మీది కురుపులకు ఇస్తారు. జుట్టుకూ బలానికీ వాళ్లు ఇచ్చేది శుద్ధి చేసిన ‘జి షౌ వూ’. జుట్టు కోసమని పచ్చిదాని పొడి మింగితే ముందు కడుపు జారుతుంది, ఆపై కాలేయానికి ముప్పు.

కాలేయం దెబ్బతిన్న కేసులు రెండు రకాలతోనూ నమోదయ్యాయి, ‘శుద్ధి చేసిందే కదా’ అని ధీమా పడొద్దు. హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే జన్యురూపం ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువని చైనాలో జరిగిన పరిశోధనల్లో తేలింది. ఒకరికి ఏమీ కానిది ఇంకొకరికి కామెర్లు తేవడానికి ఇదొక కారణం.

ఇక నెరిసిన జుట్టు నల్లబడుతుందన్న మాట. మనుషుల్లో అందుకు నమ్మదగ్గ రుజువు లేదు. తాంగ్ వంశ కాలపు రచయిత లీ ఆవ్ రాసిన ఒక కథ నుంచి ఈ మాట బలపడింది. ఆ కథలో హె అనే ఇంటిపేరున్న కుటుంబం ఈ దుంప తిని, మనవడు 130 ఏళ్లు నల్లజుట్టుతో బతుకుతాడు. ఆ మనవడి పేరే మూలికకు వచ్చింది: షౌ అంటే తల, వూ అంటే నలుపు. కథ బాగుంది గానీ, చికిత్సకు అది ఆధారం కాదు. మీరు ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఆ లోపాల వల్ల నెరిస్తే వాటికి చికిత్స ఉంది.

ప్రశ్న: శుద్ధి ఎలా చేస్తారు? పచ్చి దుంప కొని ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: ఔషధ సంహిత ప్రకారం 100 కిలోల దుంపకు 10 కిలోల నల్ల సోయా గింజలు కావాలి. గింజల్ని నీళ్లలో సుమారు 4 గంటలు ఉడికించి 15 కిలోల రసం తీస్తారు. పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి 3 గంటలు కాచి ఇంకో 10 కిలోలు తీస్తారు. ఆ 25 కిలోల రసాన్ని దుంప ముక్కలకు పట్టించి, రసం ఇంకేదాకా ఉడికిస్తారు, లేదా లోపలా బయటా గోధుమరంగు వచ్చేదాకా ఆవిరి మీద పెడతారు. తర్వాత ఆరబెడతారు.

పాత్ర ఇనుముది కాకూడదు. దుంపలోని టానిన్లు (వగరు పదార్థాలు) ఇనుముతో కలిస్తే నల్లబడతాయి. పని పూర్తి కాకుండానే రంగు వచ్చేసి మోసపోతాం. తొందరపడి ఆవిరి తగ్గించినా ఇంతే: పైన నలుపు, విరిచి చూస్తే నడుమ లేతరంగు. అలాంటిది సగం పచ్చిదే. సరిగా అయిన ముక్క విరిచిన చోట కొమ్ములా గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అయినా లోపల రసాయనాలు ఎంత మారాయో కంటితో తేలదు. అందుకే ఇంట్లో చేయవద్దంటాం.

ప్రశ్న: అచ్చం మనిషి ఆకారంలో ఉన్న దుంపను అసలైన హె షౌ వూ అంటూ అమ్ముతున్నారు. నిజమేనా?

జవాబు: కాదనే అనుకోండి. పెండలం జాతి దుంపల్ని అచ్చుల్లో పెంచి ఇలా అమ్మడం చైనాలో పాత మోసమే. అసలు దుంపను అడ్డంగా కోస్తే అంచు వెంబడి 4 నుంచి 11 గుండ్రటి మచ్చలు వలయంగా, మేఘాల అల్లికలా కనిపిస్తాయి. ఆకారం చూసి కొనకండి, కోత చూడండి. ‘బై షౌ వూ’ (తెల్ల షౌ వూ) పేరు కలిసినా వేరే మొక్క.

ప్రశ్న: రెండు నెలలుగా వాడుతున్నాను. బాగానే ఉన్నాను. ఇప్పుడు ఆపాలా?

జవాబు: ఆపండి. ఏఎల్‌టీ, బిలిరుబిన్ అనే కాలేయ పరీక్షలు చేయించుకోండి. అలసట, ఆకలి మందగించడం, దురద, ముదురురంగు మూత్రం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆ రోజే వైద్యుణ్ణి కలవండి, సీసా వెంట తీసుకెళ్లండి. లేబుల్ మీద ‘ఫో-టి’ అనో ‘పాలిగోనమ్ మల్టిఫ్లోరమ్’ అనో ఉన్నా ఇదే మూలిక. చాలామందికి ఆపితే కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గిందని మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు తిరగబెట్టిన సందర్భాలున్నాయి. కాలేయ జబ్బున్నవాళ్లు, గర్భిణులు, క్షయ మందులు గానీ, కీళ్లవాతం వంటివాటికి ఇచ్చే మెథోట్రెక్సేట్ గానీ వాడేవాళ్లు దీని జోలికే పోకూడదు.

ప్రశ్న: ఇది కలిపిన షాంపూ?

జవాబు: మింగేది కాదు గనుక కాలేయం గురించి బెంగ అక్కర్లేదు. అయితే నెత్తి మీదికి వచ్చేసిన వెంట్రుకలో జీవం ఉండదు, షాంపూ దాన్ని లోపలి నుంచి నల్లగా మార్చలేదు. మార్చిందంటే అందులో రంగు కలిపినట్టే.