2019 వాషింగ్టన్ నేషనల్స్: నాన్నతో కలిసి చూసిన సీజన్

"అమెరికాలో ఏళ్ల తరబడి ఉంటున్న మన తెలుగువాళ్లలో ఎవరికైనా బేస్‌బాల్ నిజంగా నచ్చిందా, నచ్చితే మర్చిపోలేని సీజన్ ఏది?" అని అడిగారు. నాకు నచ్చింది. చాలా. సీజన్ అంటే 2019, టీమ్ అంటే వాషింగ్టన్ నేషనల్స్. కాస్త పెద్ద జవాబే అవుతుంది, ఎందుకంటే ఆ సీజన్ మొదటి నుంచి చివరి దాకా నాన్న నా పక్కనే ఉన్నారు, ఆయన్ని వదిలేసి ఆ సీజన్ గురించి చెప్పడం నాకు రాదు.

మేం ఉండేది వర్జీనియాలో, హెర్న్‌డన్ దగ్గర. నేను వచ్చింది 2012లో. ఆ ఏడాదే మా ఆఫీసులో ఒక పెద్దాయన నన్ను మొదటిసారి నేషనల్స్ పార్కుకి తీసుకెళ్లాడు. ఆయన పుట్టి పెరిగింది వాషింగ్టన్‌లోనే. ఆయన చిన్నప్పుడు అక్కడ సెనేటర్స్ అనే టీమ్ ఉండేది, 1971 సీజన్ అయిపోగానే దాన్ని టెక్సస్‌కి తరలించేశారు. ఆ తర్వాత 33 సీజన్లు ఆ ఊరికి టీమే లేదు. 2005లో మాంట్రియల్ టీమ్ ఇక్కడికి వచ్చి నేషనల్స్ అయింది. అప్పటిదాకా వాషింగ్టన్ వరల్డ్ సిరీస్, అంటే సీజన్ చివర జరిగే ఫైనల్, గెలిచింది ఒకే ఒక్కసారి, అదీ 1924లో. 2012లో ప్లేఆఫ్స్ (సీజన్ అయ్యాక పై టీమ్‌ల మధ్య జరిగే నాకౌట్ పోటీలు) మొదటి రౌండ్ ఆఖరి మ్యాచ్‌లో మనవాళ్లు 6-0 ఆధిక్యంలో ఉండి కూడా సెయింట్ లూయిస్ చేతిలో 9-7తో ఓడిపోయారు, ఇంకొక్క స్ట్రైక్ పడితే (మూడు స్ట్రైకులకి ఒక అవుట్) గెలిచినట్టే అన్న చోట. మర్నాడు ఆ పెద్దాయన ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పటికి నాకు రూల్స్ కూడా సరిగా తెలియవు గానీ, ఆ మొహం చూశాకే ఈ ఆట నాకు పట్టుకుంది. 2014, 2016, 2017లో కూడా అదే కథ, ప్లేఆఫ్స్‌కి వెళ్లడం, మొదటి సిరీస్‌లోనే ఇంటికి రావడం.

2019 మొదలయ్యేసరికి టీమ్‌లో పెద్ద స్టార్ బ్రైస్ హార్పర్ 13 ఏళ్లకి 33 కోట్ల డాలర్ల కాంట్రాక్టుతో ఫిలడెల్ఫియాకి వెళ్లిపోయాడు. మే నెలలో అమ్మానాన్నలు ఒంగోలు నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చారు. సరిగ్గా అప్పుడే టీమ్ అధ్వాన్నంగా ఆడుతోంది. న్యూయార్క్‌లో మెట్స్ చేతిలో వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి, మే 23 నాటికి 19 గెలుపులు, 31 ఓటములు. మేనేజర్ డేవ్ మార్టినెజ్‌ని తీసేయాలని అందరూ అంటున్నారు, నిజం చెప్పాలంటే నేను కూడా అన్నాను.

నాన్నకి జెట్‌లాగ్, పగలంతా నిద్ర, రాత్రి మెలకువ. నా పక్కన సోఫాలో కూర్చుని చూసేవారు. ఆయన మొదటి ప్రశ్న, "రోజూ ఉంటుందేంట్రా మ్యాచ్?" సీజన్‌కి 162 మ్యాచ్‌లు నాన్నా అంటే నమ్మలేదు. రెండో ప్రశ్న, "ఓవర్లు ఎన్ని?" ఓవర్లు లేవు, ఒక్కో టీముకి తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు, మూడో అవుట్ పడేదాకా ఎన్ని బంతులైనా ఆడొచ్చు, ఎన్ని పరుగులైనా చేయొచ్చు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంటే ఇంకో రెండు ఓవర్లలో యాభై కొట్టాలి, ఇక అవ్వదులే అనే మాటే ఉండదన్నమాట" అన్నారు. ఏడేళ్లుగా చూస్తున్నాను, నాకు తట్టలేదు ఆ సంగతి. క్రికెట్‌లో బంతులు అయిపోతాయి, బేస్‌బాల్‌లో అవుట్లు మాత్రమే అయిపోతాయి. చివరి అవుట్ మిగిలుంటే లెక్క ప్రకారం ఆట మిగిలున్నట్టే.

19-31 గురించి నేను గొణుగుతుంటే, 1983 వరల్డ్ కప్‌లో జింబాబ్వే మీద మనవాళ్లు 17 పరుగులకి 5 వికెట్లు పోగొట్టుకున్న సంగతి గుర్తుచేశారు. కపిల్ 175 కొట్టాడని ఆయనకి మర్నాడు పేపర్ చూస్తేనే తెలిసిందట. "మాకు అది చూసే అదృష్టం లేదు, నువ్వు రోజూ చూస్తున్నావు కదా, చూడు" అన్నారు.

చూశాం. జూన్ నుంచి గాలి మారింది. నాకు బాగా గుర్తున్నది జూన్ 19, ఫిలడెల్ఫియాతో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. ముందు రోజు ప్రాక్టీసులో మన పిచర్, అంటే బంతి వేసేవాడు, మాక్స్ షెర్జర్ ముక్కు విరిగింది. మనిషి కంటి కింద నల్లగా కమిలిపోయిన మొహంతో వచ్చి ఏడు ఇన్నింగ్స్ వేశాడు, ఒక్క పరుగు ఇవ్వలేదు. అదే రోజు హెరార్డో పారా అనే అతను, శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు వదిలేస్తే మేలో ఇక్కడికి వచ్చినవాడు, అప్పటికి హిట్లు పడక అవస్థ పడుతున్నాడు, బ్యాటింగ్‌కి వచ్చేటప్పుడు వేసే పాటని మార్చి తన కూతురికి ఇష్టమైన చిన్నపిల్లల షార్క్ పాట పెట్టించుకున్నాడు. ఆ రోజు నుంచి అది ఊరి పాటైపోయింది. పారా బ్యాట్ పట్టుకుని వస్తుంటే నలభై వేలమంది, టై కట్టుకున్న లాయర్లతో సహా, రెండు చేతులూ సొరచేప దవడల్లా ఆడించేవాళ్లు. మా పాపకి అప్పుడు నాలుగేళ్లు. తాతయ్య ఒళ్లో కూర్చుని అది చేస్తుంటే, ఆయన చేత కూడా చేయించేది.

జులై 10న మాంచెస్టర్‌లో క్రికెట్ వరల్డ్ కప్ సెమీస్, తెల్లవారుజామున లేచి చూశాం, ధోనీ రనౌట్. నాన్న ఆ రోజు టిఫిన్ కూడా తినలేదు. రెండు మూడు రోజుల తర్వాత ఆయనే వచ్చి "ఇవాళ మనవాళ్ల మ్యాచ్ ఎన్నింటికి?" అని అడిగారు. మనవాళ్లు అంటే నేషనల్స్. నేను గమనించనట్టే ఏడింటికి అన్నాను గానీ లోపల ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇప్పుడు సెప్టెంబర్ 3 సంగతి. నాన్నని స్టేడియానికి తీసుకెళ్లిన రోజు. మళ్లీ మెట్స్ మీదే. రెస్టన్ స్టేషన్ దగ్గర కారు పెట్టి, లాన్‌ఫాంట్ ప్లాజాలో గ్రీన్ లైన్ మారి నేవీ యార్డ్‌లో దిగాం. ఎడమ వైపు పైన సీట్లు. నాన్నకి ఎర్ర టోపీ కొన్నాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మెట్స్ వరసగా కొట్టి స్కోరు 10-4 చేశారు. మంగళవారం, మర్నాడు ఆఫీసు, నాన్నకి అంతకు మూడేళ్ల ముందు స్టెంట్ వేశారు, జనంలో మెట్రో దగ్గర నిలబడలేరని నా భయం. "వెళ్దాం నాన్నా" అన్నాను. "ఇంకా మూడు అవుట్లు ఉన్నాయి కదరా" అన్నారాయన. ఆరు పరుగులు నాన్నా, అవ్వదు అన్నాను. ఇంకేమీ అనకుండా లేచారు.

రైల్లో ఉండగా ఫోన్ మోగుతూనే ఉంది. 10-5. 10-6. 10-8. తర్వాత మన కర్ట్ సుజుకీ, మెట్స్ పిచర్ ఎడ్విన్ డియాజ్ బంతిని ఎడమ వైపు స్టాండ్స్‌లోకి కొట్టిన హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది, బేస్‌ల మీద, అంటే పరుగు దారిలో, ఉన్నవాళ్లందరికీ పరుగులే), మూడు పరుగులు, 11-10. ఒకే ఇన్నింగ్స్‌లో ఏడు పరుగులు, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆ టీమ్ చరిత్రలో అంత వెనకబడి గెలిచింది ఎప్పుడూ లేదు. బోగీలో మాలాగే ముందే బయల్దేరినవాళ్లు ఇంకో నలుగురైదుగురు ఉన్నారు, అందరం ఫోన్లలోకి చూస్తున్నాం. నాన్నకి చూపించాను. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని "గెలిచారు కదా, పోన్లే" అన్నారు. తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఆయన జీవితంలో స్టేడియంలో కూర్చుని చూసిన ఒకే ఒక్క బేస్‌బాల్ మ్యాచ్ అది, దాని చివరి ఇరవై నిమిషాలు నేనే లేకుండా చేశాను.

ఆ నెల మధ్యలో ఒక మ్యాచ్ జరుగుతుండగా మేనేజర్ మార్టినెజ్‌కి ఛాతీలో నొప్పి వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లారు, గుండెకి ప్రొసీజర్ చేశారు. అప్పటినుంచి నాన్నకి ఆటగాళ్లకంటే ఆయన మీదే ఎక్కువ అభిమానం. టీవీలో ఆయన అంపైర్లతో గొడవ పడుతుంటే "కోపం తెచ్చుకోకయ్యా" అని తెలుగులో చెప్పేవారు.

సీజన్ 93 గెలుపులు, 69 ఓటములతో ముగిసింది. అంటే 19-31 తర్వాత 74-38. దాంతో వైల్డ్ కార్డ్, అంటే డివిజన్ గెలవని టీమ్‌లకి ప్లేఆఫ్స్‌లోకి దొరికే దారి, దక్కింది, అక్టోబర్ 1న మిల్వాకీతో ఒకే మ్యాచ్, ఓడితే ఇంటికే. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా 3-1తో వెనకబడ్డాం, బంతి వేస్తున్నది జాష్ హేడర్, అప్పట్లో అతన్ని ఎదుర్కోవాలంటే అందరికీ హడలే. బేస్‌ల మీద ముగ్గురు, రెండు అవుట్లు, బ్యాటింగ్‌కి హువాన్ సోటో, ఇరవై ఏళ్ల కుర్రాడు. కుడి వైపుకి కొట్టాడు, ఫీల్డర్ చేతి పక్కనుంచి బంతి జారిపోయింది, ముగ్గురూ పరిగెత్తుకొచ్చేశారు. 4-3. నేను అరిచిన అరుపుకి పాప లేచి ఏడుపు మొదలెట్టింది, అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత 106 మ్యాచ్‌లు గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్. ఐదో మ్యాచ్ వాళ్ల ఊళ్లో, మనకి అర్ధరాత్రి దాటింది. 3-1తో వెనకబడి ఉండగా ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మన ఆంథనీ రెండన్, సోటో ఇద్దరూ డాడ్జర్స్ పిచర్ క్లేటన్ కెర్షా వేసిన వరస బంతుల్ని చెరో హోమ్ రన్ కొట్టారు. కెర్షా డగౌట్‌లో తల వంచుకుని కూర్చున్న దృశ్యం చూసి నాన్నకి జాలి వేసింది. పదో ఇన్నింగ్స్‌లో, బేస్‌లన్నీ నిండి ఉండగా, 36 ఏళ్ల హావీ కెండ్రిక్ మధ్యలోకి కొట్టిన బంతి గోడ దాటింది. గ్రాండ్ స్లామ్, ఒకే దెబ్బకి నాలుగు పరుగులు, 7-3. నేషనల్స్ మొదటిసారి మొదటి గండం దాటారు. ఆ రాత్రి ఒంటిగంటకి మా ఆఫీసు పెద్దాయన నుంచి ఒక మెసేజ్, ఇంకా మేలుకునే ఉన్నావా అని. సెయింట్ లూయిస్‌ని నాలుగుకి నాలుగు ఓడించారు, అందులో చెప్పడానికి పెద్దగా టెన్షనే లేదు.

వరల్డ్ సిరీస్ హ్యూస్టన్‌తో. వాళ్లు 107 గెలిచారు. హ్యూస్టన్‌లో మొదటి రెండూ మనవాళ్లు గెలిచారు, ఇక ఇంట్లోనే కప్పు ఎత్తుతారని ఊరంతా ఎర్రగా అలంకరించుకుంటే, ఇక్కడ జరిగిన మూడు మ్యాచ్‌ల్లో చేసిన పరుగులు మొత్తం మూడే. మూడూ ఓడారు. మెడ పట్టేసి షెర్జర్ ఐదో మ్యాచ్ ఆడలేకపోయాడు, బట్టలు వేసుకోవడానికే భార్య సాయం కావాల్సి వచ్చింది. ఆరో మ్యాచ్‌ని మన ఇంకో పిచర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ ఒంటిచేత్తో గెలిపించాడు, తర్వాత సిరీస్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, అతనే.

ఏడోది, అక్టోబర్ 30. మ్యాచ్ హ్యూస్టన్‌లో, ఇక్కడ నేషనల్స్ పార్కులో పెద్ద స్క్రీన్ మీద చూపించారు. వాన. నాన్నే వెళ్దామన్నారు. మా ఆవిడ వద్దంది, అమ్మ అసలు ఒప్పుకోలేదు, ఆయన మాత్రం రెయిన్‌కోట్ వేసుకుని, పైన ఎర్ర టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఈసారి కారులోనే వెళ్లాం. షెర్జర్ ఆ మెడతోనే వచ్చి ఐదు ఇన్నింగ్స్ లాక్కొచ్చాడు, దాదాపు ప్రతి ఇన్నింగ్స్‌లోనూ బేస్‌ల మీద ఎవరో ఒకరు ఉన్నా రెండు పరుగులే ఇచ్చాడు. అటు హ్యూస్టన్ పిచర్ గ్రెంకీ మాత్రం ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ తప్ప ఇవ్వలేదు. 2-0. వాన పెరిగింది. నేను నాన్న వైపు చూశాను, ఆయన స్క్రీన్ వైపే చూస్తూ, నేను ఏమీ అనకముందే, "ఎనిమిది అవుట్లు ఉన్నాయి" అన్నారు.

నిజమే, ఏడో ఇన్నింగ్స్, ఒక అవుట్ పడింది, ఇంకా ఎనిమిది. తర్వాత రెండన్ హోమ్ రన్ కొట్టాడు. సోటో వాక్, అంటే నాలుగు చెడ్డ బంతులు పడి ఊరికే మొదటి బేస్‌కి వెళ్లాడు. పిచర్‌ని మార్చారు. కెండ్రిక్ కొట్టిన బంతి కుడి వైపు గీత వెంటే పోయి ఆ చివర ఉండే పసుపు స్తంభానికి టంగుమని తగిలింది, స్తంభానికి తగిలితే హోమ్ రన్ లెక్క. 3-2. చుట్టూ ముక్కూ మొహం తెలియని మనుషులు నాన్నని కావలించుకుంటున్నారు, ఒకాయన అయితే ఏడుస్తున్నాడు. చివరికి 6-2. ఏడు మ్యాచ్‌లూ బయటి టీమే గెలిచిన వరల్డ్ సిరీస్ అంతకుముందు ఎప్పుడూ లేదు.

నవంబర్ 2న కాన్‌స్టిట్యూషన్ అవెన్యూలో ఊరేగింపు చూసి, ఆ వారంలోనే వాళ్లిద్దరూ ఫ్లైట్ ఎక్కారు. ఆ తర్వాత టీమ్ చెల్లాచెదురైంది. రెండన్ ఆ డిసెంబరులోనే వెళ్లిపోయాడు, 2021లో షెర్జర్‌ని, 2022లో సోటోని వేరే టీమ్‌లకి ఇచ్చేశారు, ఆ ఏడాది 107 ఓడిపోయారు. స్ట్రాస్‌బర్గ్ ఆ సీజన్ తర్వాత ఎనిమిది మ్యాచ్‌లే వేయగలిగాడు. ఇవన్నీ ఫోన్లో నాన్నకి చెబుతూనే ఉన్నాను, సోటో సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన కాసేపు మాట్లాడలేదు.

మీరు ఒక్క మ్యాచ్ చూసి ఈ ఆట నచ్చుతుందో లేదో తేల్చుకోవాలనుకుంటే వైల్డ్ కార్డ్ మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్ చూడండి, పావుగంట చాలు. నేను మాత్రం సెప్టెంబర్ 3 తొమ్మిదో ఇన్నింగ్సే మళ్లీ మళ్లీ చూస్తాను. సుజుకీ కొట్టిన బంతి ఎడమ వైపు వెళ్తున్నప్పుడు కెమెరా స్టాండ్స్ మీదుగా తిరుగుతుంది, పైన మా వరస ఎక్కడుందో ప్రతిసారీ వెతుకుతాను.